రాప్టర్ ముందు అమ్మే గెలిచింది!

ప్రశ్న: వెలాసిరాప్టర్ (రాప్టర్) అనే మాంసం తినే డైనోసార్ దాడి చేస్తే ఎంతసేపు బతుకుతారో చెప్పే ఆన్‌లైన్ క్విజ్ ఒకటి ఇంట్లో అందరం చేశాం. నాకు 58 సెకన్లు, అన్నయ్యకు నిమిషం 12 సెకన్లు, అమ్మకేమో నిమిషంన్నర! జిమ్‌కి వెళ్లే తనకి అమ్మకంటే తక్కువ ఎలా వస్తుందని అన్నయ్య ఒకటే గొడవ. కదలకుండా నిలబడతానన్నందుకు నాకు సెకన్లు తగ్గాయా? నిజంగా అయితే ఎవరు గెలుస్తారు?
– ఇంటర్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ముందు అమ్మగారికి అభినందనలు చెప్పండి. ఇలాంటి క్విజ్‌లు చాలావరకు ఒక్కో జవాబుకి కాసిని సెకన్లు కలుపుతూ, తీసేస్తూ పోయి చివర్లో మొత్తం చూపిస్తాయి, అంతే. అందుకని సెకన్లు పక్కనపెట్టి ముగ్గురూ జవాబులు పోల్చుకోండి, అసలు సరదా అక్కడుంది.

కదలకపోతే కనిపించం అన్నది 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో టి.రెక్స్ అనే భారీ డైనోసార్ గురించి చెప్పిన మాట. అది నమ్మకండి. టి.రెక్స్ కళ్లు ముందుకి చూసేవి, చూపు బాగుండేది, వాసన పట్టడంలోనూ దిట్ట.

ఇక రాప్టర్ సంగతి. ఆ సినిమాలో మనిషంత ఎత్తున కనిపిస్తుంది కదా, మంగోలియాలో దొరికిన అసలు వెలాసిరాప్టర్ తోకతో కలిపి 2 మీటర్ల పొడవు, నడుం దగ్గర అర మీటరు ఎత్తు, బరువు 15–20 కిలోలు, అంటే మన వీధికుక్కంత. ఈకలు కూడా ఉండేవి, ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న బుడిపెలు కనిపించాయని 2007లో ప్రకటించారు. కాబట్టి అసలు జంతువే ఎదురైతే మీ అన్నయ్య బలం తప్పకుండా పనికొస్తుంది, ఆ మాటకి నేను ఒప్పుకుంటాను. కాకపోతే రెండు కాళ్లకీ కొడవలిలా వంగిన గోరు ఒక్కోటి ఉంటుంది, నడిచేటప్పుడు అరిగిపోకుండా దాన్ని పైకెత్తి ఉంచుకునేది, అది దిగితే మాత్రం కుట్లు తప్పవు.

ఇలాంటి పోరాటం ఒకటి రాయిలో అలాగే ఉండిపోయింది, తెలుసా? 1971లో గోబీ ఎడారిలో బయటపడింది. ప్రోటోసెరాటాప్స్ అనే ఆకులు తినే డైనోసార్ మెడ దగ్గర రాప్టర్ కాలి గోరుంది, రాప్టర్ కుడి చెయ్యేమో పక్షి ముక్కులాంటి దాని నోట్లో ఇరుక్కుంది. రెండూ వదలకుండానే ఇసుకలో కూరుకుపోయాయి. ఆకులు తినే జీవి అంత గట్టిగా తిరగబడిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది, మీ క్విజ్‌లో తిరగబడతానన్న వాళ్లకి ఎక్కువ సెకన్లు ఇచ్చారో లేదో చూడండి.

ప్రశ్న: మన దగ్గర దొరికిన డైనోసార్‌తో ఈ క్విజ్ పెడితే?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అందరూ బతికేస్తారు! గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ 9 మీటర్ల పొడవున్నా శాకాహారి, దాని కాళ్ల కింద పడకుండా చూసుకుంటే చాలు. అస్థిపంజరం మీ ఊళ్లోనే, బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.