టెక్ సందేహాలు: నీలం లైటుకు లక్స్ మీటరా?

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుగా పసిపిల్లల కామెర్లకు వాడే ఎల్ఈడీ లైటు తయారు చేస్తున్నాం. డెకరేషన్‌కు వాడే నీలం స్ట్రిప్ బిగించాం. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్‌లో రీడింగ్ బాగా తక్కువ వస్తోంది. ఇంకో రెండు స్ట్రిప్పులు కలపమంటారా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: స్ట్రిప్పుల సంగతి తర్వాత, ముందు ఆ యాప్ పక్కన పెట్టండి. లక్స్ అంటే మన కంటికి ఎంత వెలుతురు అనిపిస్తుందో చెప్పే లెక్క. ఆకుపచ్చను బాగా పట్టుకునే మన కన్ను, 470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలాన్ని అందులో పదో వంతు కూడా పట్టించుకోదు. కామెర్లలో ఒంటిని పసుపుగా మార్చే పదార్థం బిలిరుబిన్. దానిది రివర్స్ కేసు. అది పసుపుగా కనిపిస్తోందంటేనే నీలాన్ని మింగేస్తోందని. 460-490 నానోమీటర్ల కాంతి పడితే ఆ అణువు ఆకారం మారిపోయి, పైత్యరసంలోనో మూత్రంలోనో సులువుగా బయటికి పోతుంది. ఇందులో అల్ట్రావయొలెట్ పాత్రేమీ లేదు, అసలు ఉండకూడదు కూడా.

1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పిల్లల్ని ఆరుబయట ఎండలోకి తీసుకెళ్లేవారట. ఒక బిడ్డకు దుప్పటి కప్పిన చోట మాత్రమే పసుపు మిగిలింది. ఈ వైద్యం అలా మొదలైంది. అలాగని ఇప్పుడు బిడ్డను ఎండలో పెట్టి ఊరుకోకండి, ఎంత డోసు పడుతుందో అక్కడ లెక్క ఉండదు.

కాబట్టి మీరు కొలవాల్సింది ఇర్రేడియన్స్, అంటే కంటితో సంబంధం లేకుండా ఒక చోట నిజంగా పడుతున్న కాంతి శక్తి. కామెర్లు ఎక్కువగా ఉన్న బిడ్డకు చదరపు సెంటీమీటరుకు, తరంగదైర్ఘ్యంలో ఒక్కో నానోమీటరుకు కనీసం 30 మైక్రోవాట్లు అందాలి. అది చూసే మీటరు వేరే ఉంటుంది. నవజాత శిశువుల వార్డు ఉన్న పెద్దాసుపత్రిలో అడిగి చూడండి. ఎల్ఈడీలు కూడా డేటాషీట్‌లో తరంగదైర్ఘ్యం రాసి ఉన్నవే కొనండి. నీలం పేరుతో 450 దగ్గరవీ అమ్ముతారు. కరెంటును నిలకడగా ఇచ్చే కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్, వేడిని బయటికి లాగే పెద్ద హీట్‌సింక్ తప్పనిసరి. ఎల్ఈడీ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, రంగూ కొద్దిగా జరుగుతుంది.

పరుపు సైజు అట్ట మీద గళ్లు గీసి, లైటు వెలిగించిన అరగంట తర్వాత ప్రతి గడిలోనూ కొలవండి. నడుమ 35 చూపించి, కాళ్ల దగ్గర 12 ఉంటే డిజైన్ ఇంకా కుదరనట్టే. డెమోకు బొమ్మనే పడుకోబెట్టండి. అసలు బిడ్డ జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి ఇలాంటి లైట్ల భద్రత కోసం పెట్టిన ఐఈసీ 60601-2-50 అనే అంతర్జాతీయ ప్రమాణం, అనుమతులు చాలానే ఉన్నాయి.