వైరు గుచ్చితేనే రేడియో

ప్రశ్న: అన్నా, మా నాయిన ఐదేళ్ల కింద కొన్న ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. షాపులో అడిగితే, "పాత మోడల్, దీనికి బ్యాటరీ రాదు, కొత్తది తీస్కో" అన్నారు. కొత్తవాటిలో చాలావాటికి ఇయర్‌ఫోన్ రంధ్రమే లేదు. నాయిన పొలానికి నీళ్లు పెడుతూ ఆకాశవాణి వింటడు. బ్లూటూత్ పెడితే రేడియో రాదంట, నిజమేనా? ఉన్నవి ఎందుకు తీసేస్తున్నరు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఫోన్‌కు చార్జింగ్ పెట్టడం ఆపండి. లేచిన మూతను నొక్కి రబ్బరు బ్యాండు వేసుకొని తిరిగేవాళ్లు నల్లగొండలో నా దుకాణానికి తరచూ వస్తుంటారు. చూస్తేనే టెన్షన్. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా, పొడిచినా అంటుకోవచ్చు.

బ్లూటూత్ పెడితే రేడియో రాదన్నది నిజమే. ఎఫ్ఎం రేడియోకు ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా. బ్లూటూత్‌కు వైరు లేదు కదా.

2016లో ఐఫోన్ 7లో ఆ రంధ్రం తీసేసిన ఆపిల్, అదే వేదిక మీద వైరు లేని ఎయిర్‌పాడ్స్ చూపించింది. ఇక మీరే అర్థం చేసుకోండి. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. వెనక మూతను గమ్‌తో అతికించి బ్యాటరీని లోపల బిగించేసేది నీళ్లు పోకుండా ఉండటానికని చెప్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 నీళ్లకు తట్టుకునేది, మూత గోటితో ఊడేది, ఇయర్‌ఫోన్ రంధ్రమూ ఉండేది. బ్యాటరీ ఎవరిదైనా అరుగుతుంది, అది మోసం కాదు. అరిగినదాన్ని మార్చుకోనివ్వకపోవడమే నాకు కోపం.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి తెచ్చే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలని రూలు పెట్టారు. మన దగ్గర అట్లాంటిది లేదు కాబట్టే "రాదు" అని తేలిగ్గా అనేస్తారు.

నాయినకు కొత్త ఫోన్ కొనకండి. మూతను వేడి చేసి గమ్ వదిలిస్తే బ్యాటరీ మార్చడం పెద్ద పనేం కాదు. సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు చూసి పంపండి, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో అడిగిస్తా. కంపెనీది దొరక్కపోతే, గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరదే వేస్తా. ఫోన్ స్విచాఫ్ చేసి తెండి. ఇయర్‌ఫోన్లు మరిచిపోవద్దు, పొలం దుమ్ముకు ఆ రంధ్రం పూడిపోయే ఉంటుంది, అదీ చూసి ఇస్తా.