ముంజెలాంటి జెల్ వెనుక ఎంత చదువుంది?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం చదువుతోంది. శరీరంలో తమంతట తామే కరిగిపోయే పాలిమర్లతో, గాయాలు మానడానికి తోడ్పడే యాంటీ ఆక్సిడెంట్ జెల్‌లు తయారుచేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించి డీఎస్సీ రాయించమంటున్నారు. ఇంకొకరు ‘బయోమెడికల్’ అని పేరున్న ప్రైవేటు కోర్సులో చేర్చమంటున్నారు. అమ్మాయి చెప్పే దారిలో భవిష్యత్తు ఉందా? ఏం చదివించాలి?

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నది ఒక కోర్సు పేరు కాదండీ, ఒక పని పేరు. ఆ పని దగ్గరకు కెమిస్ట్రీ వారు, ఫార్మసీ వారు, జీవశాస్త్రం వారు, ఇంజినీర్లు తలా ఒక వైపు నుంచి వస్తారు. ఇప్పటికే కెమిస్ట్రీలో ఉన్న అమ్మాయి ఆ గుమ్మం నుంచే లోపలికి వెళ్లడం మేలని నా అభిప్రాయం. కారణం చెప్పాలంటే ముందు ఆ పనేమిటో మీకు కొంత తెలియాలి.

లేత తాటి ముంజెను వేళ్లతో నొక్కి చూడండి. అందులో ఉన్నది చాలావరకు నీరే అయినా అది కారిపోదు, ఆకారం నిలుపుకుంటుంది. హైడ్రోజెల్ కూడా అంతే: చిన్న అణువులు వరుసగా ముడిపడి ఏర్పడిన పొడవైన పాలిమర్ గొలుసులు వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతాయి. చెకొస్లొవేకియా శాస్త్రవేత్తలు ఒట్టో విక్టర్లే, ద్రాహొస్లావ్ లిమ్ వైద్యానికి పనికివచ్చే ఇలాంటి జెల్ గురించి 1960లో ప్రకటించారు. మెత్తని కాంటాక్ట్ లెన్సులు అందులో నుంచే వచ్చాయి. అయితే ఆ జెల్ శరీరంలో విచ్ఛిన్నం కాదు. ఇప్పుడు కోరుకుంటున్నది పని ముగిశాక మిగలకుండా పోయే జెల్. ఆపరేషన్ తర్వాత విప్పనవసరం లేని కుట్లను మీరు చూసే ఉంటారు. ల్యాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలతో కట్టిన ఆ పాలిమర్ దారం నీటి తాకిడికి క్రమంగా తెగిపోతుంది. మన తీరంలో పారబోసే రొయ్యల పెంకుల్లోని కైటిన్‌ను గాఢమైన క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ అనే మరో పాలిమర్ వస్తుంది. మన కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేయగలదు.

ఇక యాంటీ ఆక్సిడెంట్ సంగతి. గాయమైన చోట తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి చురుకైన ఆక్సిజన్ అణువులను విడుదల చేస్తాయి. అది అవసరమే. కాని మధుమేహం ఉన్నవారి పాదాల పుండ్లలో ఆ విడుదల ఆగకుండా సాగి, కొత్తగా పుట్టే కణజాలాన్నే దెబ్బతీస్తుంది. ఆ ఉధృతిని తగ్గించే పదార్థాన్ని జెల్‌లో పెట్టి పుండు మీద ఉంచాలన్నది ఆలోచన. చెప్పడానికి సులువే, చేయడమే కష్టం. అలాంటి పదార్థాల్లో ఒకటైన, పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, వెలుతురుకు పాడవుతుంది. మరొకటైన గ్యాలిక్ ఆమ్లాన్ని ఊరికే కలిపితే చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అందుకే దాన్ని కైటోసాన్ గొలుసుకే రసాయన బంధంతో అతికిస్తారు. వల అల్లిక మరీ బిగిస్తే జెల్ రబ్బరులా తయారవుతుంది, వదులైతే గంజిలా జారిపోతుంది. ఆ మధ్యస్థితి కోసం నెలల తరబడి మోతాదులు మార్చి చూడటమే ఈ పరిశోధనలో ఎక్కువ భాగం, అదంతా కెమిస్ట్రీయే.

అమ్మాయికి ఈ పని నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి డిగ్రీ ముగిసేదాకా ఆగనవసరం లేదు. మీ పరిశ్రమలో జీడిపప్పు మీద నుంచి ఊడదీసే ఎర్రటి పలుచని పొట్టులో టానిన్లు, కాటెకిన్లు పుష్కలంగా ఉంటాయి. అవి మంచి యాంటీ ఆక్సిడెంట్లు. (పైపెంకులోని నూనె వేరు. అది చర్మాన్ని పొక్కిస్తుందని మీకు నేను చెప్పాలా!) ఒక గుప్పెడు పొట్టును కాలేజీకి పంపండి. దాని కషాయాన్ని సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలో చుక్కలుగా వదిలితే, ఒక్కో చుక్కా పడిన క్షణంలోనే సగ్గుబియ్యపు గింజలా గట్టిపడుతుంది. ఆ గింజలను మంచినీటిలో వేసి, గంటగంటకూ ఆ నీటిని కొద్దిగా తీసి యాంటీ ఆక్సిడెంట్లను పరీక్షించడానికి వాడే ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణంలో కలపాలి. యాంటీ ఆక్సిడెంట్ బయటికి వచ్చిన కొద్దీ ఊదా వెలిసి పసుపు తేలుతుంది. ఎంత వెలిసిందో రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర కొలవవచ్చు. అవే గింజలను ఫాస్ఫేట్ బఫర్ అనే లవణ ద్రావణంలో వేస్తే ఉబ్బి విడిపోతాయి. అది చూసి ఎందుకని అడిగితే సరైన దారిలో ఉన్నట్టు. విసుక్కుంటే మీ బంధువుల మాట కూడా ఆలోచించవచ్చు. తయారైనదాన్ని మాత్రం ఎవరి పుండు మీదా పెట్టకూడదు.

పేరు చూసి కోర్సులో చేరవద్దు. విజయనగరంలో నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి అలాంటి ఆకర్షణీయమైన పేరున్న పీజీ చేసి, రెండేళ్లలో ఒక్క పాలిమర్ కూడా స్వయంగా తయారుచేయకుండానే పట్టా తెచ్చుకున్నాడు. ఆర్గానిక్ లేదా పాలిమర్ కెమిస్ట్రీలో గట్టి ఎమ్మెస్సీ చేయించండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిపే జామ్ పరీక్షకు సాధారణంగా సెప్టెంబరులో దరఖాస్తులు మొదలై ఫిబ్రవరిలో పరీక్ష జరుగుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికీ ఏపీ పీజీసెట్ రాయాలి. దగ్గరలో సీటు వచ్చినా చిన్నతనమేమీ లేదు, ప్రాజెక్టు మాత్రం పాలిమర్లపై చేయాలి. ఆ తర్వాత పీహెచ్‌డీకి తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ బయోమెటీరియల్స్‌కు, అంటే వైద్యంలో శరీరానికి వాడే పదార్థాలకు, పెట్టింది పేరు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ మీద చాలాకాలంగా పని జరుగుతోంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది.

ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ సుమారు ఐదేళ్లు అనుకోండి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. కాబట్టి మీరు భరించాల్సిన ఖర్చు ఎమ్మెస్సీతోనే ముగియవచ్చు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతా చేయవచ్చు, ఆ తలుపు మూసుకుపోదు.

ఉద్యోగాల విషయంలో ఒక భ్రమ తొలగించాలి. మీ జిల్లాలో మందుల కంపెనీలున్న పైడిభీమవరంలో ఎక్కువగా జరిగేది మందుల ముడిపదార్థాల తయారీ. జెల్ పరిశోధన అక్కడ దొరకదు, అయినా ఎమ్మెస్సీ తర్వాత ఏడాదిపాటు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసిన అనుభవం ఎక్కడికి వెళ్లినా అక్కరకు వస్తుంది. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీ, పరీక్షలు జరుగుతున్నాయి. గాయం మీద వేసే జెల్ శరీరానికి హాని చేయదని ఐఎస్ఓ 10993 ప్రకారం రుజువు చేయగలవారికీ, 2017 వైద్య పరికరాల నిబంధనల కింద అనుమతుల కాగితాలు సిద్ధం చేయగలవారికీ ఈ రంగంలో అవసరం ఉంది. కొత్త జెల్ కనిపెట్టేవారి కంటే ఇలాంటి వారికే ముందు పిలుపు వస్తుందని నా అంచనా.

ప్రస్తుతానికి ఆ పొట్టు ప్రయోగం చేయించండి. ఏ గంటకు రంగు ఎంత తగ్గిందో ఆ అంకెలన్నీ, తప్పిపోయినవాటితో సహా, అమ్మాయినే రాసి పంపమనండి. వేసవి ప్రాజెక్టు కోసం ఏ ప్రయోగశాలకు ఉత్తరం రాయాలో వాటిని చూసి చెబుతాను.