కింద కూర్చుంటే లేవలేకపోతున్నారా? డి విటమిన్, ఎండ, కండరాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కింద కూర్చుంటే గోడో మంచమో పట్టుకోనిదే లేవలేకపోతున్నాను. నాలుగు మెట్లు ఎక్కేసరికి తొడలు పట్టేస్తున్నాయి. రక్తపరీక్షలో డి విటమిన్ 9 వచ్చింది. దీనికంతటికీ అదే కారణమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అయ్యుండే అవకాశం గట్టిగానే ఉందండీ. డి విటమిన్ బాగా తగ్గినప్పుడు బలహీనత ఒళ్లంతా ఒకేలా రాదు. తుంటి చుట్టూ, తొడల్లో, భుజాల్లో మొదలవుతుంది. చేతిపట్టు మామూలుగానే ఉంటుంది, బట్టలు పిండగలుగుతారు. కానీ పీట మీంచి లేవడం, మెట్లెక్కడం, అటక మీది డబ్బా దించడం కష్టమవుతుంది. లోపం ముదిరితే నడక అటూ ఇటూ ఊగుతుంది. నడుము, తుంటి, కాళ్ల ఎముకల్లో సలుపు కూడా తోడవుతుంది. చాలామంది దీన్ని "వయసు నొప్పులు" అని సరిపెట్టుకుని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతుంటారు. బాధ కలిగించే విషయమేమిటంటే, ఇది నయమయ్యే జబ్బు.

ఇలా ఎందుకవుతుందంటే, తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి చేరాలంటే డి విటమిన్ కావాలి. అది తగ్గితే రక్తంలో కాల్షియం పడిపోకుండా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎక్కువ హార్మోన్ విడుదల చేస్తాయి. ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతుంది, మూత్రంలో ఫాస్ఫేటును బయటికి తోస్తుంది. కండరం బిగుసుకుని వదలడానికి కాల్షియం కావాలి, ఆ పనికి శక్తి ఫాస్ఫేటుతో తయారవుతుంది. రెండూ దెబ్బతింటే ముందుగా సన్నబడేవి వేగంగా పనిచేసే కండర పోగులు. చటుక్కున లేవడానికి, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడానికి వాడేవి అవే.

9 అంటే మిల్లీలీటరుకు 9 నానోగ్రాములు. 12 కంటే తక్కువను లోపంగానే చూస్తారు. 20 దాటితే ఎక్కువమందికి సరిపోతుంది. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, ఆ అంకెను 2.5తో భాగించి చూసుకోండి.

ఒక్క డి అంకె చూసి ఆగిపోవద్దు. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల తీరు తెలిపే ఎంజైమ్), క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) కూడా చేయించండి. డి లోపం వల్ల వచ్చిన బలహీనతలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తరచూ పెరుగుతుంది, సీపీకే మాత్రం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. సీపీకే కొన్ని రెట్లు ఎక్కువ వస్తే థైరాయిడ్ తగ్గడం, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు, కండరాల వాపు జబ్బులను వెతకాలి. డి కూడా తక్కువే ఉంది కదా అని అసలు జబ్బును వదిలేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. బలహీనత ఉన్నట్టుండి వచ్చినా, ఒకవైపే ఉన్నా, మింగడం కష్టమైనా, మూత్రం మీద అదుపు తప్పినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

వైద్యంలో మన దగ్గర సాధారణంగా 60,000 యూనిట్ల సాషే లేదా క్యాప్సూల్ వారానికి ఒకటి చొప్పున 8 వారాలు ఇస్తారు. రోజులో అన్నిటికంటే పెద్ద భోజనం తర్వాత, ఆ భోజనంలో నెయ్యో నూనో ఉండగా వేసుకోండి. ఇది కొవ్వులో కరిగే విటమిన్, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి తక్కువ పడుతుంది. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండరులో గుర్తు పెట్టండి. వారానికి ఒకటి అన్నది రోజుకొకటిగా పొరబడి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. కాల్షియం కూడా రోజుకు 1,000 మిల్లీగ్రాములు అందాలి. అర లీటరు పాలు పెరుగుల్లో దాదాపు 600, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా దొరుకుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. నొప్పులు కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి, మెట్లెక్కే బలం పూర్తిగా రావడానికి ఆరు నెలలు కూడా పట్టవచ్చు. రెండు వారాలకే గుణం లేదని మానేయకండి.

బలం పెరుగుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. 12 సెకన్లు దాటితే కాళ్ల పనితీరు తగ్గినట్టు. పదిహేను రోజులకోసారి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రోజూ ఉదయం ఏడింటికి బాల్కనీలో అరగంట నీరెండలో కూర్చుంటాడు. అయినా డి విటమిన్ 14 దగ్గరే ఉంది. ఎండ పనిచేయడం లేదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఎండ పనిచేస్తుంది, ఆ వేళ ఎండ పనిచేయదు. చర్మంలో డి విటమిన్ తయారుచేసేది అతినీలలోహిత బి కిరణాలు. పొద్దున సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవి గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి దారిలోనే చాలామటుకు ఆగిపోతాయి. నీరెండ హాయిగా ఉంటుంది, కానీ డి విటమిన్ విషయంలో దాని మీద మనవాళ్లు పెట్టుకున్న నమ్మకం చాలా ఎక్కువ. తిరుపతిలో జరిపిన కొలతల్లోనూ 11 నుంచి 2 గంటల మధ్యే తయారీ బాగా ఉన్నట్టు తేలింది.

గడియారం కంటే నీడ నమ్మకమైన గుర్తు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో తొమ్మిది దాటగానే నీడ పొట్టిదవుతుంది. కాబట్టి వేసవిలో మిట్టమధ్యాహ్నం వడదెబ్బ కొనితెచ్చుకోనక్కర్లేదు, తొమ్మిదిన్నరకు నిలబడితే చాలు. డిసెంబరులో మాత్రం సుమారు 11 నుంచి 1.30 దాకానే ఆ వీలు. ఆఫీసులో అది భోజనాల వేళ, బయటికొచ్చి నడవమనండి.

మోచేతుల పైదాకా చేతులు, మోకాళ్ల కింద పిక్కలు కనపడేలా 20–30 నిమిషాలు, వారానికి నాలుగైదుసార్లు. చామనఛాయ, నలుపు చర్మాలకు తెల్లచర్మం కంటే కొన్ని రెట్లు ఎక్కువ సమయం కావాలి, విదేశీ సలహాల్లోని పది నిమిషాల లెక్క మనకు చాలదు. చర్మం మంట పుట్టేదాకా ఉండకూడదు. గంటల తరబడి ఉన్నా లాభం లేదు, ఎక్కువ తయారైనదాన్ని ఆ ఎండే విరగ్గొడుతుంది. బాల్కనీకి అద్దాలు బిగించి ఉంటే ఏ వేళ కూర్చున్నా దండగే, ఈ కిరణాలు కిటికీ అద్దం దాటి లోపలికి రావు. కారు అద్దమూ అంతే.

14 కాబట్టి ఎండ ఒక్కటే చాలదు. డాక్టరు సలహాతో మందు కూడా వాడాలి.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండితోనే సరిపెట్టుకోగలమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కష్టమేనమ్మా. పెద్దలకు రోజుకు 600 యూనిట్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. పోషకాలు కలిపిన పాల ప్యాకెట్ మీద నీలిరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తు ఉంటుంది. వాటిలో లీటరుకు 200–300 యూనిట్లు కలుపుతారు. అంటే గ్లాసుకు, పావు లీటరుకు, 50–75. అదే గుర్తున్న వంటనూనె 20 గ్రాముల్లో 90–130 దాకా ఉంటుంది, డీప్ ఫ్రై చేస్తే అందులో కొంత పోతుంది. గేదె పాలు ఇంటి దగ్గరే పిండించుకునేవారికి ఈ కలిపిన విటమిన్ రాదు.

పుట్టగొడుగులు నీడలో పెరుగుతాయి, అందుకే కొన్నప్పుడు వాటిలో డి దాదాపు ఉండదు. ముక్కలు కోసి, మధ్యాహ్నపు ఎండలో నేరుగా, అద్దం గానీ ప్లాస్టిక్ మూత గానీ లేకుండా 30 నిమిషాలు పెట్టి ఆ రోజే వండండి. వంద గ్రాముల్లో వందల యూనిట్ల డి2 (డి విటమిన్‌లో ఒక రకం) తయారవుతుంది. అన్నిటినీ కలిపినా ఎండ లేకుండా 600 చేరడం అరుదు. గుడ్డు తినేవారికి ఒక్కో సొనలో 40 యూనిట్ల దాకా వస్తాయి, కవళ్లు, కానగంతల వంటి కొవ్వున్న సముద్రపు చేపల్లో ఇంకా ఎక్కువ.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. రెండుసార్లు పడ్డారు. ఏడాదిగా నెలకో 60,000 సాషే వాడుతున్నారు. వారానికి ఒకటి చేస్తే కాళ్లకు బలం వస్తుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పరీక్ష లేకుండా దయచేసి పెంచకండి. 2016లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో 70 దాటినవారికి, అంతకుముందు ఒకసారి పడ్డవారికి, నెలకు 60,000 ఇచ్చి చూస్తే నెలకు 24,000 తీసుకున్నవారి కంటే ఎక్కువమంది పడ్డారు. 2010లో ఆస్ట్రేలియాలో వృద్ధ స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడటాలు, ఎముకలు విరగడాలు రెండూ పెరిగాయి. లోపం లేనివారికి పెద్ద మోతాదు బలం ఇవ్వదు. వృద్ధుల్లో రోజుకు 800–1,000 యూనిట్ల చిన్న మోతాదే మేలని మా అభిప్రాయం.

మోతాదు మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, తికమక, కండరాల నీరసం వస్తాయి. ఆ నీరసాన్ని లోపమనుకుని మరో సాషే వేయడం అన్నిటికంటే ప్రమాదం. మీది మూత్రపిండాల జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు అయితే క్రియాటినిన్ తప్పక చూపించండి. ఈ విటమిన్‌ను పనిచేసే రూపానికి మార్చేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి బాగా దెబ్బతింటే మామూలు సాషే ఒక్కటే సరిపోకపోవచ్చు, ఏ మందు, ఎంత అన్నది నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల వైద్యుడు) నిర్ణయించాలి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ కూడా డి విటమిన్‌ను తగ్గిస్తాయి, వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

పడకుండా ఉండాలంటే కుర్చీలోంచి పదేసిసార్లు, రోజుకు రెండు పూటలా లేచి కూర్చోమనండి. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ పెట్టించండి, రాత్రి వేసుకునే నిద్రమాత్రలు, బీపీ మాత్రలు ఒకసారి సమీక్షించమని అడగండి.

ప్రశ్న: జిమ్‌కు వెళ్తాను. డి విటమిన్ 34 ఉంది. 60కి పెంచితే కండలు త్వరగా వస్తాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రావు. లోపం ఉన్నవాడికి తగ్గిన బలం తిరిగి వస్తుంది, నిండుగా ఉన్నవాడికి అదనంగా ఏమీ చేరదు. సాషే డబ్బులు గుడ్లకో, పప్పులకో, పాలకో పెట్టండి. బరువులెత్తేవారికి కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది.