స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్ కీచుదనం, హమ్: సమాధానం

మీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) బ్రిడ్జ్ పికప్ (బ్రిడ్జ్ దగ్గర ఉండి తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) కీచుగా ఉంది, యాంప్‌లో గెయిన్ పెంచితే గుయ్యిమంటోంది (అదే హమ్), బాడీ చెక్కకుండా హంబకర్ (రెండు కాయిల్స్‌తో హమ్‌ని అణిచే పికప్) పెట్టొచ్చా అని అడిగారు కదా. పెట్టొచ్చు. స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) సైజులోనే రెండు కాయిల్స్ ఉన్నవి దొరుకుతాయి. సేమర్ డంకన్ హాట్ రెయిల్స్ అందరూ చెబుతారు గానీ, దాని ఔట్‌పుట్ ముందు మిగతా రెండు పికప్‌లూ వెలవెలబోతాయి. మీరు వాయించేది బ్లూస్ కాబట్టి అదే కంపెనీ లిటిల్ 59 నయం. 250కె పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే 250 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు) మార్చకండి, 500కె వేస్తే కీచుదనం మళ్లీ పెరుగుతుంది.

డబ్బు పెట్టేముందు ఒకటి చూడండి. పాత పద్ధతి స్ట్రాట్ వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ నాబ్ ఉండదు. పికప్ ఎంచుకునే స్విచ్ మీద చిన్న వైరు ముక్క టంకం వేస్తే వస్తుంది. కీచుదనం దాంతోనే తగ్గొచ్చు. హమ్‌కి మాత్రం హంబకరే మందు.