ఒకసారి నాటితే ఏటా తినగలిగే దుంపలు, ఆకులు, పువ్వులు: పెరట్లో, మేడ మీద నా అనుభవం

హైదరాబాదులో మీకు చిన్న పెరడు, పైన ఖాళీ మేడ ఉన్నాయని, టమాటా, వంగ లాగా ప్రతిసారీ విత్తుకోనక్కరలేకుండా ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి వచ్చే, బజారులో అంతగా కనపడని తినే మొక్కలు ఏవి పెట్టుకోవచ్చునని అడిగారు. నేను కోనసీమలో పెరిగి, చాలాకాలంగా మల్కాజిగిరిలో ఉంటూ ఇటువంటివే పెంచుకుంటున్నాను గనుక, నా చేతి మీదుగా పెరిగిన వాటి గురించే రాస్తాను.

ఎంచుకునేటప్పుడు మొక్క ఎంత అరుదైనదని చూడకండి, దాన్ని వండడం తెలిసినవారు మీ ఇంట్లో ఉన్నారా లేదా అని చూడండి. ఈ మొక్కలు కుదురుకున్నాక అడగకపోయినా ఏటా వస్తూనే ఉంటాయి. తినేవారు లేకపోతే రెండో ఏటికి అవే కలుపు మొక్కలవుతాయి.

నా మొదటి ఓటు కందకు. రోహిణి కార్తె చివర గానీ మృగశిర ప్రవేశించాక గానీ అడుగున్నర లోతు గుంట తీసి, అందులో ఎండుటాకులు, బాగా చివికిన పశువుల ఎరువు, తీసిన మట్టి కలిపి నింపి, అరకిలో నుంచి ముప్పావు కిలో బరువున్న ముక్కను మొలక పైకి ఉండేటట్టు పెట్టాలి. దుంప నడుమ గుండ్రంగా ఉండే మొలక భాగం ప్రతి ముక్కకూ కొంతైనా రావాలి, లేకపోతే మొలవదు. కోసిన ముక్కలను చిక్కటి పేడ నీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టి నాటడం మా వైపు రైతుల పద్ధతి, నేనూ అదే చేస్తాను. మొక్కకు మొక్కకు మూడడుగుల ఎడం కావాలి. మేడ మీదైతే పద్దెనిమిది అంగుళాల వెడల్పుకు తగ్గని సంచీ గానీ సగానికి కోసిన డ్రమ్ము గానీ ఉండాలి, కానీ నేలలో ఊరినంత దుంప అందులో ఊరదు. మచ్చల మచ్చల కాడ నేలను చీల్చుకుని వచ్చి, పైన ముడుచుకున్న ఆకు గొడుగులా విచ్చుకోవడానికి కొద్ది రోజులు చాలు. ఆ కాడగా కనిపించేది నిజానికి ఆకు తొడిమే; దాని మొదట్లో నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది గనుక వానాకాలంలో మట్టి ఎగదోసి నీరు పోయే దారి చేయండి. ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పసుపుపచ్చబడి వాలిపోతుంది, అప్పుడు తవ్వుకోవాలి. పాత దుంప కరిగిపోయి కొత్తది ఊరుతుంది. దాని చుట్టూ పిల్ల దుంపలు వస్తే వాటిని విడదీసి వచ్చే ఏటికి దాచుకుంటే మళ్ళీ విత్తనం కొనే పని ఉండదు.

తవ్వకుండా కొన్నేళ్ళు వదిలేసిన పెద్ద దుంప తొలకరికి ముందు ఒక్కోసారి ఆకు బదులు పువ్వు వేస్తుంది. ముదురు ఊదారంగులో, ముడతలు పడిన తలతో చూడడానికి వింతగా ఉంటుంది గానీ, కుళ్ళిన మాంసం వాసన కొట్టి పురుగులను పిలుచుకుంటుంది. మా పెరట్లో పూసినప్పుడు పక్కింటివారు ఎలుక చచ్చిందేమో చూసుకోండని వచ్చి చెప్పారు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నా, తాజా దుంప తరిగేవారి చేతులకు మాత్రం దురద తప్పదు. దుంపలోని కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉండి చర్మంలోనూ గొంతులోనూ గుచ్చుకోవడమే దానికి కారణం. చేతులకు నూనె రాసుకుని తరగండి, చింతపండు వేసి మెత్తగా ఉడికించండి. కిడ్నీలో రాళ్ళున్నవారు డాక్టరును అడిగి తినడం మంచిది. పక్కనే తీగ బచ్చలి కూడా నాటుకోండి. అదీ ఏళ్ళ తరబడి ఉండేదే, పైగా ఆవ పెట్టిన కంద బచ్చలి కూరకు రెండూ చేతికందే దూరంలో ఉంటాయి.

దుంప జాతులన్నిటిలోనూ తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి వాటి నిద్ర. ఆకు వాలిపోయినప్పటి నుంచి మృగశిర దాకా పైన ఏమీ కనిపించదు. చచ్చిపోయాయనుకుని ఇంట్లోవాళ్ళు ఆ మట్టిని వేరే కుండీల్లోకి ఎత్తేస్తారు, లేదా జాలిపడి రోజూ నీళ్ళు పోసి దుంపను కుళ్ళబెడతారు. కుండీని నీడకు జరిపి నీరు పూర్తిగా మానేయండి, పెంకు ముక్క మీద పేరు రాసి గుచ్చండి.

మామిడి అల్లం కొత్తవారికి నేను ధైర్యంగా చెప్పే దుంప. పన్నెండు అంగుళాల కుండీ చాలు, చెట్టు నీడ కూడా సరిపోతుంది, మామూలు అల్లంలా మాటిమాటికీ కుళ్ళిపోదు. విరిస్తే పచ్చి మామిడికాయ వాసన వస్తుంది, ఘాటు ఉండదు. పచ్చడికీ, పెరుగులో తురుముకోవడానికీ బాగుంటుంది.

పెండలం దుంప లోతుకు దిగుతుంది గనుక పెరట్లో తవ్వడం పెద్ద పని. నేను సిమెంటు బస్తాను బాగా దులిపి కడిగి, అడుగున చిల్లులు పెట్టి అందులో నాటి, పంటకు వచ్చాక బస్తానే చీల్చేస్తాను. దుంప తల భాగం తొందరగా మొలుస్తుంది, దానిని విత్తనానికి ఉంచుకోవాలి. తీగ పాకడానికి గట్టి తాళ్ళు కట్టాలి. అసలైన పెండలం తీగ నాలుగు పలకలుగా, అంచులకు సన్నని రెక్కలతో ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా వస్తాయి. అడవి పెండలాల్లో చాలావాటికి కాడ గుండ్రంగా ఉండి ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. వాటిలో చేదు, విషపు రకాలున్నాయి గనుక దారిలో కనిపించిన తీగను తెచ్చి నాటవద్దు.

ఆకుల్లో వామాకు పెంపకం నల్లేరు మీద బండి నడకే. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఎక్కువ నీళ్ళు పోస్తేనే చస్తుంది. కాడలు ముదిరినప్పుడు కొత్త కొమ్మ గుచ్చుకుంటే సరి. ఆ నల్లేరు కూడా కణుపు ముక్కతోనే వస్తుంది. లేత చివర్లే తుంచి, నార తీసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో పచ్చడి చేయాలి, ఎందుకంటే దీనికీ కంద దురదే ఉంది. పొన్నగంటి కూర తడి ఉన్న చోటల్లా కణుపు కణుపుకూ వేళ్ళు వేసుకుంటూ పరుచుకుంటుంది గనుక వెడల్పాటి టబ్బులోనే ఉంచండి. దాని తెల్లని పూలు ఆకు మొదట్లోనే కాడ లేకుండా అంటుకుని ఉంటాయి. మురుగు కాలువల వెంబడి అదే పోలికతో, బోలు కాడలతో, పొడుగాటి తొడిమ మీద పువ్వుతో పెరిగేది వేరే మొక్క. అసలు కాలువ గట్టున పెరిగిన ఏ ఆకునూ వంటింట్లోకి రానివ్వవద్దు.

పూలలో శంఖపుష్పం ఒక్కటి చాలు. విత్తు పెంకు గట్టిది, రాత్రి నానబెట్టి నాటాలి. పువ్వులను వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదాకు మారుతుంది. పిల్లలకు అది వేడుక. పువ్వులే వాడండి, గింజలు, వేళ్ళు విరేచనకారులు.

అగ్నిశిఖ పువ్వు అందంగా ఉంటుందని తెచ్చుకునేవారికి ఒక హెచ్చరిక. నాగలి ఆకారంలో ఉండే దాని దుంపలో కొల్చిసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. అదీ పెండలం లాగానే వేసవిలో పైన ఎండిపోయి నేలలో దుంపగా నిద్రపోతుంది గనుక తినే దుంపల దరిదాపుల్లో పెట్టవద్దు.

విత్తన దుంపల కోసం ఆన్‌లైనులో పెద్ద ధర పెట్టనక్కరలేదు. కందలో గజేంద్ర అనే రకం తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు నుంచి వచ్చింది, దురద తక్కువ. అది దొరకకపోతే వేసవి చివర రైతుబజారులో మొలక దెబ్బతినని కంద చూసి కొనండి. మామిడి అల్లం మాత్రం చలికాలంలోనే ఎక్కువగా వస్తుంది గనుక, పచ్చడికి కొన్నప్పుడే నాలుగు కొమ్ములు పక్కకు తీసి, పొడి ఇసుకలో పూడ్చి మృగశిర దాకా ఉంచుకోండి.