చైర్ పదవి సరే, బైలాస్ చూశారా?

ప్రశ్న: మా అమ్మాయికి ఈసీఈ మూడో సంవత్సరం అయిపోవస్తోంది. కాలేజీలో ఐ ట్రిపుల్ ఈ స్టూడెంట్ బ్రాంచ్‌కి చైర్‌గా నిలబడమని సీనియర్లు వెంటపడుతున్నారట. వచ్చే ఫిబ్రవరిలో గేట్ రాయాలి. ఇదీ యూనియన్ గొడవలాంటిదేనా? రెజ్యూమేలో రాసుకుంటే ఏమైనా పనికొస్తుందా సార్?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: యూనియన్ అన్న టెన్షన్ అక్కర్లేదండీ. ఐ ట్రిపుల్ ఈ అనేది ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ రంగాల వాళ్ల వృత్తి సంఘం. 1884లో పుట్టిన ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘమూ, 1912 నాటి రేడియో ఇంజినీర్ల సంఘమూ 1963లో ఒకటై ఇది ఏర్పడింది. మీ ఇంట్లో వైఫై నడిచే 802.11 ప్రమాణం వీళ్లు రాసిందే. కాలేజీ బ్రాంచ్ ఇందులో కింది మెట్టు. పైన సెక్షన్ అనే ప్రాంతీయ విభాగం, దానికీ పైన ఆసియా–పసిఫిక్ దేశాలన్నిటికీ కలిపి రీజియన్ 10 ఉంటాయి.

కింది మెట్టే అయినా నియమాలు గట్టివే. కనీసం 12 మంది విద్యార్థి సభ్యులు సంతకాలు చేస్తేగానీ బ్రాంచ్ పుట్టదు. కౌన్సెలర్‌గా ఉండే అధ్యాపకుడికి సభ్యత్వం ఉండాలి, పదవుల్లో ఉన్న విద్యార్థులకూ ఉండాలి. ఆ సభ్యత్వం డిసెంబర్ 31తో ముగుస్తుంది. అది విద్యా సంవత్సరం మధ్యలో పడుతుంది కాబట్టి రెన్యువల్ మరిచిపోయి అర్హత పోగొట్టుకునే పిల్లలు ఉంటారు, మీ అమ్మాయికి ఈ మాట ఇప్పుడే చెప్పండి.

ఇక రెజ్యూమే సంగతి. ‘చైర్’ అన్న ఒక్క ముక్కకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు పెద్దగా విలువివ్వరు. ఏడాదిలో ఏం చేయించావు, డబ్బు ఎలా ఖర్చు పెట్టావు అని అడుగుతారు. ఆ జవాబు పుట్టేది బ్రాంచ్ ఫైల్లో. ఫ్లెక్సీ బిల్లు, అతిథికి కప్పిన శాలువా, మెమెంటో, టీ–సమోసాల చిట్టా, హాజరు కాగితం అన్నీ తేదీల వారీగా ఉంటే ఆ అమ్మాయి తడుముకోదు. శాలువా బిల్లు వర్క్‌షాప్ బిల్లును మించిపోయిన బ్రాంచులూ ఉన్నాయి లెండి, వాటి గురించి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకే ఒప్పుకునే ముందు బ్రాంచ్ బైలాస్, అంటే నియమావళి కాపీ, కిందటేడు పైకి పంపిన నివేదిక అడగమనండి. బైలాస్‌లో మొదట చూడాల్సింది ఆశయాల పేరా. సాంకేతిక పరిజ్ఞానం పెంచడం, విద్యార్థులకు వృత్తితో పరిచయం కలిగించడం అని అక్కడ రాసి ఉండి, నివేదికలో మాత్రం ఫ్రెషర్స్ డే ఫొటోలే కనిపిస్తే ఆ పదవి వదిలేయడమే మంచిది. తర్వాత ఎన్నిక ఎలా జరుగుతుంది, కోరం (సమావేశానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, పదవీకాలం ఎంత అన్నవి చూడాలి. సాధారణంగా ఏడాదే ఉంటుంది. ‘ఎన్నికెందుకు, సార్ పేరు చెప్పేస్తారు’ అనే చోట బైలాస్ కాగితానికే పరిమితమని అర్థం.

గేట్ మాటకొస్తే, నా ఓటు చైర్‌కి కాదు, కార్యదర్శికి. చైర్ అయితే ప్రతి కార్యక్రమం ముందురోజూ ఫోన్ల మీదే గడిచిపోతుంది. కార్యదర్శి పని మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో) రాయడం, నోటీసులు పంపడం, నివేదిక నింపడం. రాత అలవడుతుంది, రోజూ కోచింగ్‌కి అడ్డురాదు. ఇంకో దారీ ఉంది. బ్రాంచ్ కింద కమ్యూనికేషన్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ లాంటి సొసైటీల (ఐ ట్రిపుల్ ఈలో సబ్జెక్టుల వారీ సంఘాల) పేరిట చిన్న చాప్టర్లు పెట్టుకోవచ్చు, అందుకు ఆరుగురు సభ్యులు చాలు. ఈసీఈ అమ్మాయికి తన సబ్జెక్టులోనే ఉన్నట్టు ఉంటుంది, గేట్‌కీ పనికొస్తుంది.

ఏ పదవి అయినా సరే, నామినేషన్ కాగితం ఇచ్చేముందు బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరెవరిది, పాత బాకీలు ఏమైనా ఉన్నాయా అని కౌన్సెలర్‌ని అడగమనండి. ట్రెజరర్‌గా నిలబడితే మాత్రం ఆ లెక్కలు చేతికి వచ్చాకే సంతకం పెట్టాలి.